పనిచేస్తోంది కదా!

మరమ్మతు చేసినవాళ్లని మనం అడిగే ప్రశ్న ఒక్కటే: పనిచేస్తోందా? మెకానిక్‌నీ అదే అడుగుతాం, ప్లంబర్‌నీ అదే అడుగుతాం. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మేనేజర్ నన్ను అడిగేదీ అదే. "పనిచేస్తోంది" అన్న జవాబు వచ్చాక ఇక మాట్లాడ్డానికేమీ ఉండదు. డబ్బులిచ్చి పంపించేస్తాం, లేదా ఫోన్ పెట్టేసి పడుకుంటాం.

ఆ జవాబు వచ్చాక కూడా అడగాల్సింది ఒకటి మిగిలిపోతుందని నా అనుమానం. శుభ్రంగా పనిచేస్తున్న మరమ్మతు తప్పుడు మరమ్మతు కావచ్చా? ఇంజనీరింగ్ పరీక్షలో మార్కులు పోయే తప్పు గురించి కాదు నేనడుగుతున్నది, నీతికి సంబంధించిన తప్పు గురించి. ఎవర్నీ మోసం చెయ్యాలనుకోని మనిషి, తన వస్తువుకి తన చేతుల్తో చేసుకున్న పని, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని పని. దాన్ని తప్పు అనే హక్కు మనకెక్కడిది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. సియాటిల్‌లో ఉండే నా స్నేహితుడొకడు పోయినేడాది ఒక పాత కార్గో వ్యాను కొన్నాడు. అమ్మినాయన దాన్ని అప్పటికే చిన్న ఇల్లులా మార్చుకున్నాడు: వెనక మంచం, ఒక ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు, వాటన్నిటికీ కరెంటు ఇవ్వడానికి రెండో బ్యాటరీ. వారాంతాల్లో భార్యనీ, నాలుగేళ్ల కూతుర్నీ తీసుకుని ఒలింపిక్ నేషనల్ పార్క్ వైపు వెళ్లాలని మావాడి ఆశ. కొన్న నెలకే చిన్న చిన్న జబ్బులు బయటపడ్డాయి. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా దీపాలు మసకబారేవి. గతుకుల రోడ్డు మీద ఒక్కోసారి ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలయ్యేది. వాడూ నేనూ కలిసి నాలుగు శనివారాలు ఆ తీగల మధ్య గడిపాం.

*

ముందు రెండో బ్యాటరీ సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత వచ్చేది అర్థం కాదు.

బండి స్టార్ట్ చెయ్యడానికి ఉండే బ్యాటరీ, రాత్రంతా ఫ్రిజ్ నడిపే బ్యాటరీ చూడ్డానికి ఒకేలా ఉన్నా స్వభావాలు వేరు. మొదటిది ఒక్క ఉదుటున బండ ఎత్తే వస్తాదు. లోపల పల్చటి సీసపు పలకలు ఎక్కువగా ఉంటాయి, కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది. రెండోది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచి నాట్లు వేసే కూలి. దాని పలకలు మందంగా ఉంటాయి, నాలుగైదు ఆంపియర్ల చొప్పున గంటల తరబడి ఇవ్వగలదు. వస్తాదుతో నాట్లు వేయిస్తే తొందరగా మంచాన పడతాడు. స్టార్టింగ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే దానికీ అదే గతి. పైగా పొద్దున్న బండి కదలదు.

అందుకని రెండిటినీ ఒక రిలే ద్వారా కలుపుతారు. ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ వోల్టేజి పెరుగుతుంది. 13.3 వోల్టుల దగ్గర రిలే రెండు బ్యాటరీల్నీ కలుపుతుంది, రెండూ ఛార్జవుతాయి. ఇంజన్ ఆగి వోల్టేజి 12.8 దగ్గరికి దిగగానే విడగొట్టేస్తుంది. సంపాదనలో ఉమ్మడి, ఖర్చులో వేరు. రాత్రి ఎంత వాడుకున్నా ఇంటికి తిరిగొచ్చే శక్తి ఒక పక్కన భద్రంగా ఉంటుంది. (కొత్త వాహనాల్లో ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటరు ఎప్పటికప్పుడు మారుస్తుంటుంది కాబట్టి ఈ రిలే బదులు డీసీ-డీసీ ఛార్జర్ పెడతారు. మావాడి వ్యాను అంత కొత్తది కాదు.)

ఈ రెండిటి మధ్య నడిచే లావు తీగకి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు తీగ చెరువు నుంచి పొలానికి వెళ్లే కాలవలాంటిది, నీళ్లు ఒక వైపు నుంచే వస్తాయి. తూము మూస్తే ఆగిపోతాయి. ఇది రెండు చెరువుల మధ్య కాలవ. ఎక్కడ గండి పడినా రెండు వైపుల నుంచీ వరద వస్తుంది. అందుకే ఈ తీగకి రెండు చివర్లా, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, రెండు ఫ్యూజులు పెట్టాలి. ఈ వ్యానులో మొదటి బ్యాటరీ దగ్గర మాత్రమే ఉంది. రెండో వైపు లేదు. నాలుగేళ్లపాటు దాని అవసరం రాలేదు కూడా.

*

దీపాలు మసకబారడం సంగతి చూద్దాం. బ్యాటరీ పాతబడింది, మార్చెయ్యమని ఒకరిద్దరు చెప్పారు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, అన్నీ ఆపేసి ఫ్రిజ్ తీగ చివర చూసినా 12.6. అంతా బాగానే ఉన్నట్టు.

మల్టీమీటరు తీగ నుంచి దాదాపు ఏమీ తీసుకోదు. దాని లోపలి నిరోధం కోటి ఓముల దాకా ఉంటుంది. తీగలో నలభై పోగులకి ముప్పై తొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా, మీటరు 12.6 అనే చూపిస్తుంది. ఏమీ అడగనప్పుడు ప్రతి తీగా మంచిదే. వేమన మేడిపండుని చీల్చి చూస్తే పురుగులైనా కనిపిస్తాయి. ఇక్కడ చీల్చి చూసినా చాలదు, బరువు మోయించి చూడాలి. ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు అన్నీ వేసి, 8 ఆంపియర్లు లాగుతుండగా, రెండో బ్యాటరీ నెగటివ్‌కీ వ్యాను ఒంటికీ మధ్య కొలిచాం. అక్కడ దాదాపు సున్నా రావాలి. 1.2 వోల్టులు వచ్చింది. అంటే బాడీ ఎర్తు బిగించిన ఆ ఒక్క స్క్రూ దగ్గరే 10 వాట్లకి కాస్త తక్కువ కరెంటు ఊరికే వేడిగా మారిపోతోంది. విప్పి చూస్తే, పెయింటు గీకకుండా దాని మీదే బిగించేశారు. పెయింటు కరెంటుని మొయ్యదు. స్క్రూ మరల అంచు ఎక్కడో ఇనుముకి ఆనుకున్న మేరకే ఇన్నాళ్లూ బండి నడిచింది.

గీకి, శుభ్రం చేసి, మళ్లీ బిగిస్తే దీపాలు నిలబడ్డాయి. ఇది పది నిమిషాల పని. దీన్ని నేను తప్పు అనను, తెలియనితనం అంటాను. నన్ను ఆలోచనలో పడేసింది మూడోది.

డాష్‌బోర్డు సొరుగులో ఒక ప్లాస్టిక్ కవరులో మాడిపోయిన ఫ్యూజులు దొరికాయి. బండ్లలో వాడే ఈ చిన్న ఫ్యూజులకి రంగులుంటాయి: ఎరుపు అంటే 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కవర్లో ఎర్రవి మూడు, నీలంవి రెండు, పసుపుది ఒకటి. ఫ్రిజ్ లైనులో ప్రస్తుతం ఉన్నది ఆకుపచ్చది. ఆ రంగుల్ని వరసలో పెడితే కథ మొత్తం చదువుకోవచ్చు. ఫ్యూజు పోయింది, వేశాడు. మళ్లీ పోయింది, పెద్దది వేశాడు. మళ్లీ పోయింది, ఇంకా పెద్దది. ఆకుపచ్చది వేశాక పోలేదు. సమస్య "పరిష్కారం" అయింది.

ఆ తీగ సన్నటిది. 10, 15 ఆంపియర్లకి మించి మోయించకూడదు. దాని వెంటే వెళ్తూ మంచం కింద చెక్క విప్పితే, రేకుకి వేసిన కన్నంలోంచి అది దూరి వెళ్లేచోట రబ్బరు గ్రోమెట్ లేదు. గతుకుల్లో రేకు అంచు రాసుకుని రాసుకుని ఇన్సులేషన్ కోసుకుపోయింది. రాగి కనిపిస్తోంది, చుట్టూ గోధుమరంగుకి మాడి ఉంది. బండి ఊగినప్పుడు తాకి వదిలేసే క్షణకాలపు షార్టు అన్నమాట. ఎర్ర ఫ్యూజు ప్రతిసారీ చెప్పాలనుకున్నది ఇదే. ఆ చెక్క మీదే పరుపు, పరుపు మీద పాప పడుకునేది.

*

ఫ్యూజు ఎందుకుందని అడిగితే చాలామంది "ఫ్రిజ్ పాడవకుండా" అంటారు. అందుకు కాదు. ఫ్యూజు తీగని కాపాడుతుంది. దాని నంబరు నిర్ణయించేది తీగ మందం. కావాలని పెట్టుకున్న బలహీనత అది: ఈ దారి మొత్తంలో ఏదో ఒకటి కాలక తప్పకపోతే, నేను ఎంచుకున్న చోట, నా కళ్లకి కనిపించేచోట, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో కాలనీ అని ముందే రాసుకున్న ఒప్పందం. ఫ్యూజుని పెద్దది చేస్తే ఆ ఒప్పందం రద్దు కాదు, స్థలం మారుతుంది. ఫ్యూజు కాలనంటే తీగే ఫ్యూజవుతుంది. అది మంచం కింద కాలుతుంది.

12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అంటారు. నిజమే, కొట్టదు. కానీ బ్యాటరీ రెండు ధ్రువాల మీద పొరపాటున స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారి అది ఎర్రగా కాలుతుంది. మంట పుట్టడానికి వోల్టులు ఎక్కువ అక్కర్లేదు.

అమ్మినాయనకి చెప్పాలా వద్దా అన్నది మా మధ్య తగువు. "వదిలెయ్‌రా, బండి మనదయ్యాక ఆయనతో మనకేంటి" అన్నాడు మావాడు. కానీ అమ్మేటప్పుడు ఆయన ఒక మాట అన్నాడు: వాళ్ల చెల్లెలి వ్యానుకి కూడా ఇలాగే తనే చేసిపెట్టానని. ఆ మాట గుర్తొచ్చాక ఊరుకోలేకపోయాం. ఫొటోలు తీసి పంపాం. గంటలో మర్యాదగానే జవాబు వచ్చింది. నాలుగేళ్లు తిరిగాను, మొంటానా దాకా వెళ్లొచ్చాను, ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు, పనిచేసింది కదా, అని దాని సారాంశం.

ఆ జవాబుని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ అందులో బలం ఉంది. నాలుగేళ్లు అంటే చిన్న సాక్ష్యం కాదు. మేం భయపడ్డ మంట రాలేదు. జరగని ప్రమాదానికి మనిషిని ఎలా తప్పుపడతాం?

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ "మోరల్ లక్" పేరుతో రెండు వ్యాసాలు రాశారు. నేగెల్ ఇచ్చే ఉదాహరణల్లో ఒక లారీ డ్రైవరున్నాడు. బ్రేకులు చూపించుకోకుండా కొంత అశ్రద్ధ చేశాడు. రోడ్డు మీదకి పిల్ల పరిగెత్తుకొస్తే అతను జీవితాంతం తనని తాను క్షమించుకోలేడు. ఎవరూ రాకపోతే తన అశ్రద్ధ ఊసే అతనికి గుర్తుండదు. రెండు సందర్భాల్లోనూ అతను చేసింది ఒకటే, తేడా అంతా రోడ్డు మీద ఉంది. నేగెల్ దాన్ని చిక్కుముడిగానే వదిలిపెట్టాడు. నాకైతే ఆ లారీని చూస్తే ఒకటి అనిపిస్తుంది. "ఇబ్బంది రాలేదు" అనేది రోడ్డు గురించిన వార్త. బ్రేకుల గురించి అది ఏమీ చెప్పదు. వ్యానాయన నాలుగేళ్ల సాక్ష్యం ఆయన రోడ్ల గురించిన సాక్ష్యం.

అయినా ఆయన తప్పు అదృష్టం మీద ఆధారపడ్డం కాదని నా అభిప్రాయం. ఏదో ఒక మేరకి అందరం ఆధారపడతాం. ఆయన చేసిన పని ఖర్చుని బదిలీ చెయ్యడం. ఎర్ర ఫ్యూజు పోయినప్పుడు నష్టం ఆయనదే: ఫ్రిజ్‌లో పాలు విరిగేవి, బండి ఆపి చూసుకోవాల్సి వచ్చేది. ఆకుపచ్చది వేశాక ఆ చిరాకు ఆయనకి పోయింది. దాని బదులు ఒక ప్రమాదం పుట్టింది. అది ఆ మంచం మీద ఎవరు పడుకుంటే వాళ్లది. వాళ్లకా సంగతి తెలీదు, వాళ్లని ఎవరూ అడగలేదు.

*

ఇది పనివాడి జుగాడ్ మీద డిగ్రీ ఉన్నవాడి చిన్నచూపు అని ఎవరైనా అనుకోవచ్చు. ఆ మాట తీసుకోవాల్సిందే.

రాబర్ట్ పిర్సిగ్ 1974 నవల 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో ఒక సన్నివేశం ఉంది. స్నేహితుడు జాన్ ఖరీదైన బీఎమ్‌డబ్ల్యూ బైకు హ్యాండిల్ బార్లు జారుతుంటాయి. సందులో పల్చటి రేకు పెడితే సరిపోతుంది, బీరు డబ్బా కత్తిరించి పెడదామంటాడు కథకుడు. జాన్ ముఖం మాడ్చుకుంటాడు. అంత గొప్ప బండికి తాగి పారేసిన డబ్బా ముక్కా! కథకుడి దృష్టిలో మాత్రం అల్యూమినియం మెత్తన, తుప్పు పట్టదు, అంతకన్నా మంచి రేకు దొరకదు. ఈ ఘట్టాన్ని రెండు మనస్తత్వాల తేడాగా చదవడం మామూలే. నేను ఇంకొకటి కూడా చదువుకుంటాను. బీరు డబ్బా చవకది, కానీ ఆ రేకు అక్కడ ఏం చెయ్యాలో కథకుడికి పూర్తిగా తెలుసు. ఆకుపచ్చ ఫ్యూజు దుకాణంలో కొన్న అసలైన సరుకు, కానీ వేసినాయనకి అది ఏం చేస్తుందో తెలీదు. మొదటిది జుగాడ్ అయినా నిజాయితీ ఉన్న పని. రెండోది ఒరిజినల్ పార్టుతో చేసిన అబద్ధం. తీగ చెబుతున్నది వినకుండా దాని నోరు నొక్కడం అది. మా వృత్తిలోనూ ఇది రోజూ చూస్తాం: అలర్ట్ పదే పదే మోగుతోందని దాని థ్రెషోల్డ్ పెంచేస్తారు, ఎక్సెప్షన్‌ని పట్టుకుని ఏమీ చెయ్యకుండా మింగేస్తారు. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది. అది కూడా ఆకుపచ్చే.

ఇంతకన్నా కష్టమైన అభ్యంతరం ఊళ్లోంచి వస్తుంది. మన ఇళ్లలో పింగాణీ ఫ్యూజుల కాలంలో, ఫ్యూజు వైరు దొరక్కపోతే మామూలు వైరులోంచి రెండు మూడు రాగి పోగులు పీకి చుట్టేసేవాళ్లు. సాయంత్రం పూట, పిల్లాడి పరీక్షలు, లైన్‌మన్ రేపొస్తాడు. ఇంకేం చేస్తారు? పొలాల్లో ఆటోస్టార్టర్ల సంగతీ అంతే. కరెంటు ఏ రాత్రి వేళ వస్తుందో తెలీదు. పాములు తిరిగే గట్ల మీద చీకట్లో మోటారు దాకా నడవలేక రైతు ఆటోస్టార్టర్ పెట్టుకున్నాడు. కరెంటు రాగానే దానంతటదే మోటారు తిరుగుతుంది. కానీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ లైను మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం ఊహించుకోవచ్చు. అది కాలితే అందరి పైరూ ఎండుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వం రైతుల్ని గట్టిగా అడగాల్సి వచ్చింది.

పైకి చూస్తే రైతు చేసిందీ వ్యానాయన చేసిందీ ఒకటే. ఇద్దరూ తమ బాధని ఉమ్మడి తీగ మీదకి నెట్టారు. అయినా ఇద్దర్నీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. రైతు ముందున్న రెండో దారి రాత్రిపూట పాముల మధ్య నడక. వ్యానాయన ముందున్న రెండో దారి మంచం కింద చెక్క విప్పడం. ఇంకో తేడా కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. ఆటోస్టార్టర్ సంగతి ఊరందరికీ తెలుసు. లైన్‌మన్‌కి తెలుసు, పక్క రైతుకి తెలుసు, వాళ్లూ పెట్టుకున్నారు. ఆ తప్పు వెలుతుర్లో ఉంది కాబట్టే దాని గురించి పోట్లాడుకోవచ్చు, కరెంటు వేళల మీద నిలదీయొచ్చు, చివరికి తీసెయ్యొచ్చు. మంచం కింద తీగ గురించి ఎవరూ పోట్లాడలేరు.

కాబట్టి తాత్కాలిక మరమ్మతు తప్పని నేననను. బతుకంతా తాత్కాలిక మరమ్మతులే. అది తాత్కాలికమని తర్వాతి మనిషికి తెలిసేలా ఉందా లేదా అన్నది చూడాలి. రాగి పోగులు చుట్టినవాడు ఫ్యూజు బోర్డు మీద సుద్దముక్కతో "రేపు మార్చాలి" అని రాసుంటే, ఆ పోగుల నీతే మారిపోతుంది. పోగులు అవే, మందం అదే. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అమ్మినాయన నుంచి వారం తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది. ఒక్క లైను: అయితే 10 ఆంపియర్లది వెయ్యాలా? చెల్లెలి వ్యాను గురించే అడుగుతున్నాడని అర్థమైంది. సంతోషించాం. "అవును" అని రాసి పంపెయ్యబోయాడు మావాడు. ఆగమన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన ఎర్రది వేస్తాడు, అది పోతుంది, ఇంకోటి వేస్తాడు. లేదా పోదు, బాగైపోయిందనుకుంటాడు. మళ్లీ అదే చోటికి వస్తాం. ఇద్దరం కూర్చుని అరగంటసేపు పెద్ద ఉత్తరమే రాశాం. ముందు తీగ మందం చూడండి, నంబరు దాన్ని బట్టి వేసుకోండి. రేకులోంచి దూరే ప్రతి చోటా చేత్తో తడిమి చూడండి. రెండు బ్యాటరీల మధ్య తీగకి రెండో చివర కూడా ఫ్యూజు పెట్టండి. కొత్త ఫ్యూజు పోతే సంతోషించండి, అది మీతో మాట్లాడుతోంది. దాన్ని మార్చే ముందు ఎందుకు పోయిందో వెతకండి.

నంబరు చెప్పడం సులువు, ఎందుకో చెప్పడానికి అరగంట పట్టింది. "పనిచేస్తోంది" అన్న మాట ఇన్నాళ్లూ మిగిల్చుకుంటూ వచ్చింది ఆ అరగంటనే.